ఒకే జీవి పది జీవులు ఎలా అయింది?

2015లో ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక సముద్రజీవికి పేరు వెతుకుతూ సంస్కృతం దాకా వచ్చారు. ఆ జీవి పేరు యూరిథినీస్ అంధకారే. ఎండ పొడ సోకని లోతుల్లో ఉండే జీవి కాబట్టి అంధకారం. చివరి 'ఏ' లాటిన్ షష్ఠీ విభక్తి. వాళ్ల లెక్కలో 'అంధకారపు' అని అర్థం. కాస్త సంస్కృతం చదివిన మనవాళ్లకు మాత్రం అది సప్తమీ విభక్తిలా, 'చీకటిలో' అని వినపడుతుంది. పేరు పెట్టినవాళ్లకు ఈ సంగతి తట్టిందో లేదో గానీ, ఎలా చదివినా ఆ జీవికి సరిపోయింది.

అసలు ఆ కొత్త పేరు అవసరం ఎందుకు వచ్చిందన్నది పేరుకన్నా పెద్ద కథ. అప్పటిదాకా దాదాపు రెండు శతాబ్దాలుగా ఆర్కిటిక్ నుంచి అంటార్కిటికా దాకా, అట్లాంటిక్ నుంచి పసిఫిక్ దాకా, లోతుల్లో ఎక్కడ ఉచ్చు వేసినా పడే ఒక ఎర్రటి జీవిని అందరూ యూరిథినీస్ గ్రిల్లస్ అని ఒకే పేరుతో పిలిచేవాళ్లు. ప్రపంచమంతా ఒకే జాతి అన్నారు. తీరా చూస్తే అది ఒకటి కాదు.

ముందు జీవిని దగ్గరగా చూద్దాం. ఎండు రొయ్యపొట్టు కొన్నప్పుడు గుప్పెడు అరచేతిలో పోసుకుని చూడండి. ప్రతి రొయ్యకూ తలనూ ఛాతీనీ కలిపి కప్పే ఒక గట్టి తొడుగు ఉంటుంది. మనం రొయ్య ఒలిచేటప్పుడు తలతోపాటు ఊడి వచ్చేది అదే. యూరిథినీస్‌కు ఆ తొడుగు లేదు. తల వెనక నుంచి తోక దాకా విడివిడి పలకలు వరసగా పేర్చినట్టు ఉంటాయి. ఒళ్లు రెండు పక్కల నుంచీ నొక్కినట్టు పలచగా, వీపు వంగి ఉంటుంది. కాళ్లలో కొన్ని ముందుకు, కొన్ని వెనక్కి తిరిగి ఉంటాయి. ఇలాంటి జీవులన్నిటినీ కలిపి ఆంఫిపాడ్లు అంటారు. ఇప్పటిదాకా పదివేలకు పైగా జాతులకు పేర్లు పెట్టారు. వాటిలో చాలావరకు వేలిగోరంత కూడా ఉండవు. యూరిథినీస్ ఆ లెక్కలో భారీ శాల్తీ, పెద్దవి 15 సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి. పెద్దవాటి రంగు ముదురు ఎరుపు.

వీటి పని సముద్రపు అడుగున చచ్చి పడినవాటిని తినడం. చేప కావచ్చు, తిమింగలం కావచ్చు, పైనుంచి ఏ కళేబరం పడినా వాసన పట్టి చేరిపోతాయి. అడవికి రాబందులెలాగో అక్కడ ఇవి అలాగ. కడుపు సంచిలా సాగుతుంది. దొరికినప్పుడు పట్టినంత తిని, తర్వాత చాలాకాలం దానితోనే నెట్టుకొస్తాయి. తిండి ఎప్పుడు పడుతుందో, అసలు పడుతుందో లేదో తెలియని చోట మరో దారి లేదు.

ఈ తిండియావే శాస్త్రవేత్తలకు కలిసొచ్చింది. కిలోమీటర్ల లోతున వల లాగడం చాలా ఖర్చుతో కూడిన పని. దానికి బదులు ఒక ఉచ్చులో చేపముక్కలు కట్టి, బరువు తగిలించి వదిలేస్తారు. లోపలికి పోవడమే తప్ప తిరిగి రావడానికి దారి దొరకని ఉచ్చు అది. కొన్ని గంటల తర్వాత ఓడ నుంచి శబ్ద సంకేతం పంపితే బరువు ఊడిపోయి ఉచ్చు పైకి తేలుతుంది. లోపల వందల కొద్దీ ఆంఫిపాడ్లు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో మొనాకో రాకుమారుడు ఒకటో ఆల్బర్ట్ తన సొంత ఓడల్లో తిరుగుతూ ఎర పెట్టిన ఉచ్చులు వేయించేవాడు. ఆయన ఓడలు తెచ్చిన సరుకులోంచి వర్ణించిన జాతులు ఇప్పటికీ పుస్తకాల్లో ఉన్నాయి. అయితే ఉచ్చుకు ఒక లోపం ఉంది. ఆకలేసినవాళ్లే అందులో పడతారు. గుడ్లు మోస్తున్న ఆడ యూరిథినీస్ ఎరల దగ్గర దాదాపు కనపడదు. కాబట్టి ఉచ్చులో ఏం పడిందో చూసి అక్కడ ఏం బతుకుతోందో చెప్పేటప్పుడు కొంచెం ఆగాలి.

మొదటి యూరిథినీస్ మాత్రం ఉచ్చులో పడలేదు, ఒక పక్షి కడుపులో దొరికింది. గ్రీన్‌లాండ్ దక్షిణ కొసన, కేప్ ఫేర్‌వెల్ దగ్గర పట్టిన ఫుల్మార్ అనే సముద్రపక్షి అది. గ్రీన్‌లాండ్ ప్రయాణం చేసిన జర్మన్ వైద్యుడు మాండ్ట్ 1822లో అచ్చువేసిన గ్రంథంలో బెర్లిన్ జంతుశాస్త్రజ్ఞుడు లిక్టెన్‌స్టైన్ దానికి గ్రిల్లస్ అని పేరు పెట్టాడు. లాటిన్‌లో గ్రిల్లస్ అంటే కీచురాయి. వీపు వంచుకుని కూర్చున్న ఆ ఆకారం చూస్తే ఆ పేరు ఎందుకు పెట్టాడో ఊహించుకోవచ్చు. వేల మీటర్ల లోతు జీవి పక్షి కడుపులోకి ఎలా వచ్చింది? ఈ ప్రశ్న గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాం.

ప్రజాతి పేరు తంటా వేరే. ప్రజాతి అంటే దగ్గరి జాతుల గుంపు. యూరిథినీస్ ఆ గుంపు పేరు, గ్రిల్లస్ అందులో ఒక జాతి పేరు. 1865లో స్వీడన్ జంతుశాస్త్రజ్ఞుడు లిల్యెబోరి యూరిటినీస్ అని పెట్టాడు. తీరా చూస్తే ఆ పేరు మూడేళ్ల ముందే ఒక కందిరీగ జాతి పురుగుకు పెట్టేశారు. జంతువుల్లో ఒక ప్రజాతి పేరు రెండోదానికి చెల్లదు. అందుకే మధ్యలో ఒత్తు చేర్చిన యూరిథినీస్ 1882 నుంచి చలామణిలోకి వచ్చింది. మన రొయ్యల చెరువుల్లోనూ ఇలాంటి పేర్ల గోల ఉంది. వనామి అనేది వాన్ నేమ్ అనే అమెరికన్ జంతుశాస్త్రజ్ఞుడి ఇంటిపేరు నుంచి వచ్చింది. ఆ రొయ్యను 1931లో పినేయస్ ప్రజాతి కింద పెట్టారు. 1997లో లిటోపినేయస్ కిందికి మార్చారు. తర్వాత చాలామంది మళ్లీ పినేయస్ అనడం మొదలుపెట్టారు. ఇన్ని మార్పులు జరిగినా చెరువుగట్టు మీద మాత్రం అది వనామిగానే ఉండిపోయింది.

ఇక అసలు చిక్కుముడి. ఒక జీవిని జాతిగా గుర్తించేది ప్రధానంగా ఆకారం చూసే. కాలి చివరి కొక్కెం ఎలా ఉంది, కంటి అంచు ఎలా ఉంది, వీపు పలకలు ఎక్కడ లేచాయి, ఇలాంటివి. లోతు సముద్రపు నమూనాలు ఒకటో రెండో అక్కడక్కడా దొరికే రోజుల్లో, ఒక మహాసముద్రం నుంచి వచ్చినదాన్ని మరోదాని పక్కన పెట్టి చూసే వీలే తక్కువ. 1822 నాటి వర్ణన క్లుప్తమైనది, ఇప్పటివాళ్లు వెతికే సూక్ష్మాలు అందులో లేవు. దాంతో ఏది దొరికినా 'గ్రిల్లస్ లాగే ఉంది కదా' అని ఆ సీసాలోనే వేశారు. 1848లో ఫ్రెంచ్ జంతుశాస్త్రజ్ఞుడు మిల్న్ ఎడ్వర్డ్స్ దక్షిణ అమెరికా కొస నుంచి మెగలానికస్ అనే జాతిని వర్ణించాడు. తర్వాత తరాలు దాన్ని కూడా గ్రిల్లస్‌లో కలిపేసి ఆ పేరు కొట్టేశాయి. 1905లో షెవ్రో వర్ణించిన ఒబేసస్ ఒక్కటి గుండ్రటి బొద్దు ఒంటివల్ల వేరుగా నిలబడింది. అది అడుగున కాకుండా నడినీటిలో ఈదేది.

'ప్రపంచమంతా ఒకటే జాతి' అన్న మాటను అప్పట్లో తప్పుపట్టడానికి కారణం కూడా పెద్దగా కనపడలేదు. లోతు సముద్రం అంతా ఒకేలా ఉంటుందని నమ్మకం. ఎక్కడ చూసినా చీకటి, చలి, బురద. గోడల్లేవు, కొండల్లేవు. పైగా ఇవి బాగా ఈదుతాయి. సముద్రపు నేలకు వెయ్యి మీటర్లకు పైన కూడా పట్టుబడిన దాఖలాలున్నాయి. అలాంటిది ఎక్కడికైనా పోగలదు, ఎవరితోనైనా కలవగలదు, మరి జాతులు ఎందుకు చీలతాయి?

ఈ వాదనలో ఒక చిన్న రంధ్రం ఉంది. హేచరీలో పనిచేసినవాళ్లకు అది ఇట్టే దొరుకుతుంది. రొయ్య గుడ్లు నీళ్లలోకి వదిలేస్తుంది. అందులోంచి నాప్లియస్, తర్వాత జోయా, ఆ తర్వాత మైసిస్, చివరికి పీఎల్ (పోస్ట్‌లార్వా) అనే పిల్ల దశలు వస్తాయి. ఈ దశలన్నీ నీటిలో తేలుతూ ప్రవాహం ఎటు పోతే అటు పోతాయి. తల్లి ఒకచోట ఉన్నా పిల్లలు వందల కిలోమీటర్లు కొట్టుకుపోవచ్చు. ఆంఫిపాడ్లలో ఈ దశలేవీ లేవు. తల్లి కాళ్ల మధ్య పలకలతో ఏర్పడిన సంచిలో గుడ్లను మోస్తుంది. పిల్లలు బయటికి వచ్చేటప్పటికే తల్లికి చిన్న నకళ్లు. ప్రవాహం మీద దూరం పోయే పసిదశ వాటికి లేదు. ఎక్కడికి పోవాలన్నా సొంత కాళ్లతో ఈదుకుంటూ పోవాల్సిందే. అంటే వ్యాప్తి అనుకున్నంత తేలిక కాదు.

1987లో ఈ రంధ్రంలోంచి మొదటి వెలుగు పడింది. పసిఫిక్ మధ్యలో హొరైజన్ గయో అనే మునిగిపోయిన పర్వతం ఉంది. దాని పైభాగం చదునుగా ఉంటుంది. అమెరికన్ శాస్త్రవేత్తలు ఆ కొండ మీద పట్టిన గ్రిల్లస్‌నూ, కింద సముద్రపు నేల మీద పట్టిన గ్రిల్లస్‌నూ తీసుకుని వాటి ప్రొటీన్లను పోల్చారు. పేరు ఒకటే గానీ ప్రొటీన్లు కలవలేదు. కొండ మీదివి, కింద మైదానంలోవి వేరు గుంపులని తేలింది. 1996లో డీఎన్‌ఏ చూసినవాళ్లు ఇంకాస్త ముందుకెళ్లారు. వేర్వేరు మహాసముద్రాల్లో ఒకే లోతున ఉన్నవాటి మధ్య కన్నా, పైలోతు గుంపుకూ అడుగులోతు గుంపుకూ మధ్యే తేడా ఎక్కువ కనపడింది.

2013లో శాస్త్రవేత్త హావర్మాన్స్ బృందం మహాసముద్రాలన్నిటి నుంచి నమూనాలు చేర్చి మూడు జన్యుభాగాలు చదివింది. గ్రిల్లస్ అనే ఒక్క పేరు కింద కనీసం తొమ్మిది వంశాలు దాక్కుని ఉన్నాయి. ఒక్కో వంశం జాతి అనదగినంత వేరుగా ఉంది. దాదాపు 3,000 మీటర్ల దగ్గర ఒక గీత కనపడింది. గీత పైనున్న వంశాలు ఎక్కువగా పైనే, కిందివి ఎక్కువగా కిందే. అంతకన్నా వింత ఏమిటంటే, అసలు గ్రిల్లస్ ఆర్కిటిక్‌లోనూ ఉంది, అంటార్కిటికా దగ్గరా ఉంది. రెండూ ఒకే వంశం. రెండు ధ్రువాల్లో ఉన్నవి చుట్టాలు, ఒకే సముద్రంలో పైనా కిందా ఉన్నవి పరాయివాళ్లు.

దూరం అడ్డు కాకుండా లోతు ఎలా అడ్డవుతుంది? పది మీటర్లు దిగితే ఒక వాతావరణం చొప్పున పీడనం పెరుగుతుంది. 3,000 మీటర్ల దగ్గర చదరపు సెంటీమీటరుకు సుమారు 300 కిలోల బరువు, అంటే బొటనవేలి గోరంత చోటు మీద ఆరు బియ్యం బస్తాలు ఎత్తినట్టు. ఒంట్లో గాలి సంచులు లేవు కాబట్టి జీవి నలిగిపోదు. దెబ్బ తగిలేది ఇంకా సూక్ష్మంగా. ఇంత ఒత్తిడిలో ప్రొటీన్లు సరిగా ముడుచుకోవు, కణాల పొరలు బిగుసుకుపోతాయి. ఆ లోతులో బతకాలంటే ప్రొటీన్లూ పొరలూ ఆ ఒత్తిడికి తగ్గట్టు మారి ఉండాలి. అలా మారినవాటికి పైన అంత సుఖం ఉండదు. పక్కకు ఎంత దూరం ఈదినా పీడనం మారదు. పైకో కిందికో ఈదితే మారుతుంది. కాబట్టి వాటి ప్రపంచపటంలో హద్దులు అడ్డంగా గీసి ఉన్నాయి. పీడనం ఒక్కటే ఇదంతా చేసిందనడం మాత్రం తొందరపాటు. లోతుతోపాటు తిండి తగ్గుతుంది, వేడి మారుతుంది. ఏది ఎంత అన్నది విడదీయడం తేలిక కాదు.

ఇప్పుడు ఫుల్మార్ దగ్గరికి రండి. బంగాళాఖాతంలో పైనీళ్లు 28 డిగ్రీల వెచ్చదనం, అడుగున ఒకటీ రెండు డిగ్రీలు. చల్లనీళ్ల జీవి పైకి రావాలంటే వేడి పొర అడ్డు. ధ్రువాల దగ్గర ఆ పొర లేదు. పైనుంచి కింద దాకా అన్నీ చల్లనీళ్లే. అందుకే అక్కడ గ్రిల్లస్ కొన్ని వందల మీటర్ల లోతులో కూడా దొరుకుతుంది. మొట్టమొదటి నమూనా వెచ్చటి సముద్రాల్లో కాకుండా గ్రీన్‌లాండ్ దగ్గర ఒక పక్షికి దొరకడంలో పెద్ద ఆశ్చర్యం లేదు. మనం లోతు సముద్రపు జీవి అంటున్న ఆ అసలు గ్రిల్లస్ ఒక రకంగా చల్లనీళ్ల జీవి.

డీఎన్‌ఏ వేరని తేలినంత మాత్రాన కొత్త జాతి పుట్టదు. నా దృష్టిలో ఈ కథ అంతటిలో కష్టమైన పని తర్వాతిదే. పేరు పెట్టాలంటే వర్ణన రాయాలి, ఒక నమూనాను మ్యూజియంలో ప్రమాణంగా పెట్టాలి. పాత పేర్లలో ఏది ఏ వంశానిదో కూడా తేల్చాలి. బ్రస్సెల్స్‌లోని మ్యూజియం శాస్త్రవేత్త డ్యూడెకెమ్ డాకోజ్, హావర్మాన్స్ కలిసి ఆ పనికి కూర్చున్నారు. డీఎన్‌ఏ విడదీసిన గుంపుల్ని బల్ల మీద పరచి మైక్రోస్కోపు కింద మళ్లీ చూశారు. ముందు తెలియకుండా చూసినప్పుడు ఒకేలా కనపడినవి, ఏది ఏ గుంపో తెలిశాక వేరుగా కనపడ్డాయి. నోటి దగ్గరి ఒక జత అవయవాల లోపలి అంచున వరసగా చిన్న బొడిపెలుంటాయి. ఒక గుంపులో అవి పైకి పొడుచుకొచ్చి ఉంటాయి, మరోదానిలో అణిగి ఉంటాయి. పట్టుకునే కాలి చివర అరచేతి వంపు ఒక్కోదానిలో ఒక్కోలా ఉంటుంది. ఇవన్నీ ఎప్పుడూ అక్కడే ఉన్నాయి. చూడాలని ఎవరికీ తోచలేదంతే.

ఇలా 2015లో మల్డొరోర్, అంధకారే, సిగ్మిఫెరస్ అని మూడు కొత్త పేర్లు వచ్చాయి. అంధకారే దక్షిణ మహాసముద్రపు లోతుల నుంచి వచ్చింది. ఎప్పుడో కొట్టేసిన మెగలానికస్ పేరును మళ్లీ నిలబెట్టారు. 1848లో మిల్న్ ఎడ్వర్డ్స్ చెప్పిందే సరి అని తేలింది. ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 2004లోనే థర్స్టనీ అనే మరో జాతిని వర్ణించి ఉన్నారు. 2017లో జపాన్ పరిశోధకులు ఎక్విలాటస్‌ను చేర్చారు.

2020లో చేరినదాన్ని మీరు వార్తల్లో చూసే ఉంటారు. మరియానా అగాధంలో 6,010 నుంచి 6,949 మీటర్ల మధ్య 2014లో పట్టిన యూరిథినీస్ కొత్త జాతి అని బ్రిటన్‌లోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయం బృందం తేల్చింది. ఒకదాని పేగులో అర మిల్లీమీటరు దాటిన ఒక పోగు కనపడింది. పరీక్షిస్తే నీళ్ల సీసాలు చేసే పెట్ ప్లాస్టిక్‌కు దగ్గరగా ఉంది. దాంతో జాతికి ప్లాస్టికస్ అని పేరు పెట్టారు. వార్త ప్రపంచమంతా పాకింది. పేరు పెట్టడం వెనక ఉద్దేశం మంచిదే గానీ, దానివల్ల ఒక అపోహ కూడా పాకింది. ఈ జీవి ప్లాస్టిక్ తిని బతుకుతుందనో, ప్లాస్టిక్ వల్ల పుట్టిందనో అనుకున్నవాళ్లున్నారు. అది వేరే జాతి కావడానికి, ఆ పోగుకు ఏ సంబంధమూ లేదు. ప్లాస్టిక్ అనే మనిషి తయారు చేసిన వస్తువు పుట్టకముందు ఎన్నో యుగాల నుంచి అది అక్కడ ఉంది. నన్నడిగితే ఒక్క పోగు కన్నా 2019లో అచ్చయిన లెక్క ఎక్కువ చెబుతుంది. పసిఫిక్ చుట్టూ ఆరు అగాధాల నుంచి, 7,000 మీటర్ల కింది నుంచి తెచ్చిన 90 ఆంఫిపాడ్లను కోసి చూస్తే 65 వాటి కడుపుల్లో కనీసం ఒక కృత్రిమ పోగో ముక్కో ఉంది. 

2021లో పెరూ, చిలీ తీరాల ముందున్న అటకామా అగాధం నుంచి అటకామెన్సిస్ వచ్చింది. 4,974 మీటర్ల నుంచి 8,081 మీటర్ల దాకా అది ఉంటుంది. ఇంతకుముందు చెప్పిన 3,000 మీటర్ల గీత కన్నా చాలా కింద, మూడు వేల మీటర్ల నిడివిలో ఒకే జాతి పరుచుకుని ఉండటం చూస్తే, లోతు ప్రతిచోటా ఒకేలా అడ్డు పడదని అర్థమవుతుంది. గీత ఒక చోట ఉంది, దాని కింద జాగా చాలా ఉంది. దీనితో పేరున్నవి పదయ్యాయి. పేరు లేకుండా డీఎన్‌ఏ పటాల్లో అంకెలతో మిగిలిన వంశాలు ఇంకా ఉన్నాయి.

ఒకటైనా పదైనా ఎవరికి నష్టం అనొచ్చు. హిందూ మహాసముద్రం మధ్యలో, 5,000 మీటర్ల లోతున, మాంగనీసు, నికెల్, కోబాల్ట్ ఉండే బంగాళాదుంపలంత ఉండలు పరుచుకుని ఉన్నాయి. అక్కడ 75,000 చదరపు కిలోమీటర్లలో అన్వేషించడానికి భారత్‌కు 2002 నుంచి అంతర్జాతీయ ఒప్పందం ఉంది. ముగ్గురిని 6,000 మీటర్ల దాకా దించే మత్స్య-6000ను చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ తయారు చేస్తోంది. తవ్వకం మొదలయ్యే ముందు అక్కడ ఏం బతుకుతోందో రాసిపెట్టాలి. ఉచ్చులో పడినదాన్ని 'గ్రిల్లస్, ప్రపంచమంతా ఉంది' అని రాస్తే ఒక అర్థం. ఇక్కడ పోయినా ఇంకెక్కడో ఉంటుందన్న ధీమా. 'ఈ లోతుకే పరిమితమైన వంశం' అని రాస్తే అర్థం పూర్తిగా మారుతుంది.

పాత కాగితాల పరిస్థితి ఇంకా ఇబ్బంది. గ్రిల్లస్ ఎన్నేళ్లు బతుకుతుంది, ఎంత నెమ్మదిగా పెరుగుతుంది, ఎన్ని గుడ్లు పెడుతుంది అనే లెక్కలు చాలావరకు 1980ల నాటివి, పసిఫిక్ మధ్యలో పట్టినవాటి మీద కట్టినవి. ఆ రోజుల్లో పట్టినవాటిని ఫార్మలిన్‌లో వేసేవాళ్లు. ఆకారం చెక్కుచెదరదు గానీ ఫార్మలిన్ డీఎన్‌ఏను ముక్కలు ముక్కలు చేస్తుంది. ఇప్పుడు ఆ సీసాలు తెరిచినా ఏ వంశమో చదవడం చాలా కష్టం. నోటి దగ్గరి బొడిపెలు చూసి కొన్నిటిని తేల్చొచ్చు, ఓపికున్నవాళ్లు తేలుస్తున్నారు కూడా. మిగతావి ప్రపంచమంతా మ్యూజియం అరల్లో, రంగు వెలిసి తెల్లబడి, ఇప్పటికీ గ్రిల్లస్ అని రాసిన చీటీలతోనే ఉన్నాయి.